కొత్త కళ్ళజోడు కుదరకపోతే

విత్తనం మొలవకపోతే మీరు వూరుకుంటారా? సంచీ, బిల్లూ పట్టుకొని దుకాణానికి పోతారు. ఎరువు బస్తా తూకం తగ్గితే కాటా దగ్గరే నిలదీస్తారు. గేదెను కొనేటప్పుడు పళ్ళు చూస్తారు, రెండు పూటలా పాలు పిండి చూస్తారు. అంత జాగ్రత్త గల మనవాళ్ళే, రెండు మూడువేలు పోసి కొన్న కళ్ళజోడు కుదరకపోతే మాత్రం దానిని గూట్లో పెట్టి, “నా కళ్ళే పాడైనాయి, ఏం చేస్తాం” అని సరిపెట్టుకొంటారు. కళ్ళజోడు కూడా డబ్బిచ్చి కొన్న సరుకే. అది కుదరనప్పుడు అడిగే హక్కు మనకు వున్నది. ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి, చేతిలో ఏమి పెట్టుకొని అడగాలి అనేదే ఈనాటి ప్రసంగ విషయం.

మా యింట్లో జరిగిన సంగతితోనే మొదలుపెడతాను. మా మేనమామకు యాభై ఎనిమిదేళ్ళు. రెండెకరాల మిరప తోట. చత్వారం వచ్చి చాలా కాలమైనది. నిరుడు పాత అద్దాలు గీతలు పడిపోతే, బస్తీలో కంటి పరీక్ష చేయించుకొని, ఆ చీటీ మరొక దుకాణంలో యిచ్చి రు. 3,200 పెట్టి రెండు చూపుల అద్దం చేయించుకొన్నాడు. పైముక్క దూరానికి, కిందిముక్క చదువుకోవడానికి. దానినే మనం బైఫోకల్ అంటున్నాము.

పెట్టుకొన్న రెండో రోజే గట్టు మీద అడుగు తప్పి కాలువలో పడినాడు. “కొత్త గదా, అలవాటవుతుంది” అనుకొన్నాడు. పది రోజులకు తోటకు పురుగుమందు కొట్టవలసి వచ్చింది. డబ్బా మీద లీటరు నీటికి 1.5 మిల్లీలీటర్లు అని వున్నది. ఆ సన్న అక్షరాలలో మధ్యనున్న చుక్క ఆయన కంటికి ఆనలేదు. 15 అని చదివినాడు. 16 లీటర్ల ట్యాంకుకు 24 మిల్లీలీటర్లు పోయవలసినది 240 పోయబోయినాడు. పక్కన నీళ్ళు తెచ్చి పెడుతున్న కోడలు చూసి, “మావయ్యగారూ, ఆగండి, అక్కడ చుక్క వున్నదండీ” అని చేయి పట్టుకొని ఆపింది.

ఆ అమ్మాయి అక్కడ లేకపోతే ఏమయ్యేది? తోట మాడేది. మందు ఖర్చు పది రెట్లయ్యేది. అన్నిటికన్న మించి, పది రెట్లు విషం కలిపిన నీటిని వీపున మోసుకొని, ఆ తుంపర్ల మధ్య ఆయన రెండు గంటలు తిరిగేవాడు. ఒక చుక్క కనబడకపోతే యింత పని జరుగుతుంది. అందుచేత కళ్ళజోడు సంగతి పట్నవాసుల సంగతి అని తీసివేయకండి. నాగలి, పారతో బాటు యిదీ సేద్యానికి పనిముట్టే.

ఆ సాయంత్రం ఆయన అద్దాలు తీసి పెట్టె అడుగున పెట్టినాడు. నేను వెళ్ళినప్పుడు, “వయసు మీద పడిందిరా, అద్దాలేం చేస్తాయి?” అన్నాడు. “మావయ్యా, తప్పు కళ్ళదో అద్దాలదో తేల్చకుండా కళ్ళకు శిక్ష వేస్తే ఎట్లా?” అన్నాను. మరునాడు యిద్దరం బస్తీకి పోయినాము.

ముందుగా అద్దాల దుకాణానికి వెళ్ళినాము. యజమాని, “పెద్దాయనా, మేము చీటీలో వున్నట్లే చేసినాము. తప్పేదైనా వుంటే పరీక్ష చేసిన వారిని అడగండి” అన్నాడు. పరీక్ష చేసిన చోటికి పోతే, “మా పరీక్ష సరిగానే వున్నది, అద్దం బిగించినవాణ్ణి అడగండి” అన్నారు. ఎండలో ఆ గడపకూ ఈ గడపకూ తిరగడంతోనే మధ్యాహ్నమైంది. మామయ్య బస్సుకు పోదామన్నాడు. మనవాళ్ళలో నూటికి తొంభై మంది యిక్కడే వెనక్కు తిరుగుతారు. యిక్కడ తిరగవద్దని చెప్పడానికే నేను ఈ పూట మీ ముందుకు వచ్చినాను.

ఏ గడప నిజం చెబుతున్నదో తేల్చే పరికరం ఒకటి వున్నది. దానిని లెన్సోమీటరు అంటారు. అద్దాన్ని దానిలో పెట్టి చూస్తే ఆ అద్దం పవరు ఎంతో, ఏ డిగ్రీలో బిగించినారో అంకెలలో తెలుస్తుంది. మనిషి కళ్ళు అక్కడ అక్కరలేదు, కళ్ళజోడు వుంటే చాలును. రెండు నిమిషాల పని. కంటి ఆసుపత్రులలోను, ఒక మోస్తరు అద్దాల దుకాణాలలోను యిది వుంటుంది. మేము మూడోచోటికి, ప్రభుత్వ ఆసుపత్రిలోని కంటి విభాగానికి పోయి, “అయ్యా, ఈ చీటీ, ఈ అద్దం కలిసినవో లేదో చూసి చెప్పండి” అని అడిగినాము.

ఏమి తేలినదో చెప్పేముందు, చీటీలో వుండే అంకెలను గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. అవి తెలియనిదే మన హక్కు మన చేతికి రాదు.

చీటీలో మొదటి అంకె అసలు పవరు. దూరపు చూపు తగ్గినవారికి మైనస్, దానికి ఎదురు దోషం గలవారికి ప్లస్ వుంటుంది. రెండోది సిలిండరు. కంటి ముందు పొర అన్ని వైపులా ఒకే వంపుగా లేనివారికి యిది రాస్తారు. మూడోది ఆ సిలిండరును ఏ వాలులో నిలబెట్టాలో చెప్పే డిగ్రీ. 1 నుండి 180 వరకు వుంటుంది. నాలుగోది చత్వారానికి కలిపే పవరు. యివి గాక రెండు కనుపాపల నడుమ దూరం మిల్లీమీటర్లలో వుండాలి. చాలా చీటీలలో యిది రాయరు. అడిగి రాయించుకోవాలి.

డిగ్రీ అంటే చిన్న విషయం కాదు. ఎకరం నిండా సాళ్ళు కాలువకు ఎదురుగా వుండవలసినవి ఏటవాలుగా వేస్తే నీరు పారుతుందా? ఇదీ అంతే. సిలిండరు 10 డిగ్రీలు పక్కకు తిరిగితే దాని ఫలితంలో సుమారు మూడోవంతు పోతుంది. 30 డిగ్రీలు తిరిగితే సిలిండరు పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. మసక ఎంత వుండేదో అంతే వుంటుంది, కాకపోతే మరో వాలుకు మారుతుంది.

కనుపాపల దూరమూ అటువంటిదే. అద్దానికి నడిబిందువు ఒకటి వుంటుంది. అది కనుపాపకు ఎదురుగా రావాలి. 4 పవరు గల అద్దంలో ఆ బిందువు అర సెంటీమీటరు జరిగితే, మీటరు దూరంలోని వస్తువు 2 సెంటీమీటర్లు జరిగినట్లు ఆ కంటికి తోస్తుంది. రెండు కళ్ళూ దానిని సరిచేసుకోలేక పెనుగులాడుతాయి. తలనొప్పి, కళ్ళు లాగడం, ఒకటి రెండుగా కనబడడం అందుకే వస్తాయి. పవరు తక్కువైనప్పుడు యిది అంతగా తెలియదు. పవరు పెరిగినకొద్దీ బాధ పెరుగుతుంది.

ఇక మా మామయ్య సంగతి. చీటీలో కుడికంటికి ప్లస్ 0.75, సిలిండరు మైనస్ 1.00, డిగ్రీ 90 అని వున్నది. లెన్సోమీటరులో పవరు సరిపోయింది, సిలిండరూ సరిపోయింది. డిగ్రీ మాత్రం 60 అని తేలింది. ముప్ఫై డిగ్రీల తేడా. డబ్బా మీది చుక్కను మింగినది ఈ ముప్ఫై డిగ్రీలే. ఆ ఆసుపత్రివారు అంకెలు ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి యిచ్చినారు.

ఒక హెచ్చరిక. చీటీలో అంకెలు, అద్దంలో అంకెలు వేరుగా కనబడినంత మాత్రాన తప్పు అని కేకలు వేయకూడదు. ఒకే అద్దాన్ని రెండు విధాలుగా రాయవచ్చును. ప్లస్ 1.00, సిలిండరు మైనస్ 0.50, డిగ్రీ 90 అని ఒకరు రాస్తే, ప్లస్ 0.50, సిలిండరు ప్లస్ 0.50, డిగ్రీ 180 అని మరొకరు రాస్తారు. రెండూ ఒక్కటే. గరిసె లెక్క ఒకరు పుట్లలో, ఒకరు బస్తాలలో చెప్పినట్లు. అందుచేత “రెండూ ఒకటేనా, వేరా?” అని చూసినవారినే అడిగి రాయించుకోవాలి.

మరి గట్టు మీద పడడం సంగతి? దానికి ఈ డిగ్రీ ఒక్కటే కారణం కాదని అక్కడి డాక్టరమ్మగారు చెప్పినారు. బైఫోకల్ కిందిముక్క మూరెడు దూరంలోని అక్షరాలకు చేసినది. నడిచేటప్పుడు తలవంచకుండా కళ్ళు కిందికి దించితే, ఐదడుగుల దూరంలోని నేల ఆ ముక్కలోనుంచి మసకగాను, దగ్గరికి లేచినట్లుగాను కనబడుతుంది. బల్లమీద పనిచేసే గుమాస్తాకు యిది బాధ కాదు. గట్లమీద నడిచేవారికి, నిచ్చెన ఎక్కేవారికి, ట్రాక్టరు దిగేవారికి యిది ప్రమాదమే. “మీరు ఏం పని చేస్తారని ఎవరైనా అడిగినారా?” అన్నారామె. ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఈ రెండో కష్టంలో దుకాణందారుని ఒక్కడినే తప్పు పట్టడం న్యాయం కాదు.

ఈ ఒక్క కథలోనే మీకు తేడా తెలిసి వుంటుంది. కళ్ళజోడు కుదరలేదంటే కారణం నాలుగు చోట్ల వుండవచ్చును.

మొదటిది, అద్దం చీటీ ప్రకారం లేకపోవడం. అనగా పవరు తేడా, డిగ్రీ తేడా, కుడి ఎడమలు మారడం, నడిబిందువు జరగడం. ఇది నూటికి నూరుపాళ్ళు దుకాణం బాధ్యత. ఉచితంగా మార్చి యివ్వాలి, లేదా డబ్బు వాపసు చేయాలి.

రెండవది, అద్దం చీటీ ప్రకారమే వున్నది గాని చీటీయే తప్పు. అప్పుడు పరీక్ష చేసినవారి దగ్గరకు పోయి మరల పరీక్ష చేయమని అడగాలి. పరీక్షకు డబ్బు తీసుకొన్నారు గనుక అది వారు చేసిన సేవ. సేవలో లోపం వుంటే దానికీ చట్టం వర్తిస్తుంది. పరీక్ష, అద్దం ఒకే చోట అయితే వాదమే లేదు, ఒకే గడప.

మూడవది, రెండూ సరిగానే వున్నవి గాని మన పనికి పనికివచ్చే రకం కాదు. ఇది కొనేముందు మాట్లాడుకోవలసినది. “నాకు పొలం పనికి కావాలి” అని మీరు స్పష్టంగా చెప్పి, “దీనితో నడవవచ్చు” అని వారు అమ్మి వుంటే అడిగే హక్కు మీకు బలంగా వుంటుంది. ఏమీ చెప్పక కొంటే బలహీనపడుతుంది.

నాలుగవది, మన ఒంట్లోనే కారణం. చక్కెర జబ్బు గలవారికి రక్తంలో చక్కెర ఎక్కువగా వున్న రోజున పరీక్ష చేస్తే ఒక పవరు వస్తుంది, అదుపులోకి వచ్చినాక యింకొకటి వస్తుంది. శుక్లం ఆపరేషను అయినవారికి కన్ను కుదుటపడడానికి కొన్ని వారాలు పడుతుంది. డాక్టరు చెప్పేదాకా అద్దాలకు తొందరపడకూడదు. శుక్లం ముదురుతున్న కంటికి ఎంత మంచి అద్దం పెట్టినా మసక పోదు.

అలవాటు పడడం అనే మాటలోనూ నిజం వున్నది. పవరు బాగా మారినప్పుడు, సిలిండరు కొత్తగా పెట్టినప్పుడు మొదటి నాలుగైదు రోజులు నేల వాలుగా, గోడలు వంగినట్లుగా తోచడం సహజమే. బైఫోకల్, గీత కనబడని ప్రోగ్రెసివ్ అద్దాలకు రెండు వారాలదాకా పట్టవచ్చును. అయితే ఆ పేరుతో నెలలు గడపనివ్వరాదు. మొదట యింట్లోనే ఒక కన్ను మూసి మరో కన్నుతో, పాత అద్దంతో ఒకసారి కొత్త అద్దంతో ఒకసారి క్యాలెండరు చదివి చూడండి. ఫ్రేము ముక్కు మీద సమంగా వున్నదా, చెమటకు జారుతున్నదా చూడండి. జారే ఫ్రేమును బిగించి, కాడలు వంచి సరిచేయించుకొంటే సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. రెండు వారాలు దాటినా కుదరకపోతే యిక ఆలస్యం చేయవద్దు. ఉన్నట్టుండి చూపు మందగించినా, మెరుపులు కనబడినా, నల్లతెర దిగినట్లున్నా, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా అది అద్దాల సంగతి కాదు. ఆ రోజే కంటి డాక్టరు వద్దకు పరుగెత్తవలెను.

ఇప్పుడు చట్టం ఏమంటున్నదో చూద్దాము. మన దేశంలో మొదటి వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం చేసినారు. 2020 జూలై 20 నుండి అది అమలులోకి వచ్చింది. సొంతానికి వాడుకొనేందుకు డబ్బిచ్చి సరుకు కొన్న ప్రతివారూ ఈ చట్టం కింద వినియోగదారులే. కొన్నవారి సమ్మతితో వాడుకొనేవారు కూడా వినియోగదారులే. అనగా కొడుకు డబ్బు కట్టి తండ్రికి అద్దాలు కొంటే, తండ్రికీ ఫిర్యాదు హక్కు వున్నది.

ఈ చట్టంలో మనకు ముఖ్యమైన మాటలు రెండు వున్నవి. బిల్లు యివ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి. లోపం గల సరుకు అమ్మి, వాపసు తీసుకొని డబ్బు తిరిగి యివ్వననడం కూడా అక్రమ వ్యాపార పద్ధతే. బిల్లులో గడువు రాసి వుంటే ఆ గడువులోగా, ఏమీ రాయకపోతే 30 రోజులలోగా వారు ఈ పని చేయాలి. “అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు” అని బోర్డు కట్టినంత మాత్రాన లోపమున్న సరుకు విషయంలో ఆ బోర్డు చెల్లదు. అయితే ఫ్రేము రంగు నచ్చలేదనో, పక్కింటాయన వేరే రకం కొన్నాడనో వాపసు అడిగితే మాత్రం దుకాణందారుడు కాదనవచ్చును. నచ్చకపోవడం వేరు, లోపం వేరు.

అడిగే పద్ధతి యిది. మొదట నోటితో, మర్యాదగా. చీటీ, బిల్లు, లెన్సోమీటరు కాగితం మూడూ ముందు పెట్టండి. కళ్ళజోడు వారి చేతికి యిస్తే, తీసుకొన్నట్లు రసీదు రాయించుకోండి. వినకపోతే వుత్తరం రాయండి. పెద్ద భాష అక్కరలేదు. ఇట్లా రాస్తే చాలును:

“అయ్యా, నేను ఫలానా తేదీన మీ దుకాణంలో ఫలానా నంబరు బిల్లుపై రు. 3,200 చెల్లించి కళ్ళజోడు కొన్నాను. దానితో చూపు సరిగా ఆనడం లేదు. ఫలానా తేదీన లెన్సోమీటరుపై చూపించగా, కుడి అద్దం డిగ్రీ చీటీలో 90 వుండగా అద్దంలో 60 అని తేలినది. కాగితం నకలు జతపరచినాను. ఈ వుత్తరం అందిన 15 రోజులలో అద్దం మార్చి యివ్వగోరుతున్నాను, లేదా డబ్బు వాపసు చేయగోరుతున్నాను. లేనిచో వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయగలవాడను.”

దీనిని స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, నకలు దాచుకోవాలి. అప్పటికీ కదలిక లేకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చును. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. వారు ఫిర్యాదు రాసుకొని అవతలి పక్షానికి పంపి రాజీకి ప్రయత్నిస్తారు. అక్కడా తీరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ వున్నది. మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. దుకాణం ఏ వూళ్ళో వున్నదనే చింత లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలదాకా అయితే రుసుము లేదు. వకీలును పెట్టుకొని తీరాలన్న నియమమూ లేదు. ఇ-జాగృతి అనే పోర్టల్ ద్వారా యింటి నుండి కూడా ఫిర్యాదు పంపవచ్చును. కారణం పుట్టిన నాటినుండి రెండేళ్ళలోగా చేయాలి. సాయం కావలసినవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చును. వారి హెల్ప్‌లైన్ నంబరు 15100.

లోపం వున్నదా లేదా అన్నది పరీక్ష లేకుండా తేలనప్పుడు, సరుకును తగిన పరీక్షాలయానికి పంపే అధికారం కమిషన్‌కు వున్నది. లోపం రుజువైతే దానిని సరిచేయమని, సరుకు మార్చమని, ధర వాపసు చేయమని, జరిగిన నష్టానికి పరిహారం యివ్వమని ఉత్తరువు చేయగలదు. పరీక్ష అవసరం లేని ఫిర్యాదును 3 నెలలలో, అవసరమైనదానిని 5 నెలలలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతున్నది. ఆచరణలో ఆలస్యం కావచ్చును. అందుచేతనే ముందు మెట్లు సరిగా ఎక్కమని నా మనవి.

ఉచితంగా వచ్చిన అద్దాల సంగతి అడిగేవారు చాలమంది వుంటారు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలై, 2023లో రెండవ విడత జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో ఆ పేరుతోనే కార్యక్రమం మొదలైనది. లక్షల మందికి అద్దాలు అందినవి. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే సేవ ఈ చట్టం కిందికి రాదు. 1995లో సుప్రీంకోర్టు వైద్య సేవలను గురించి తీర్పు చెబుతూ ఈ గీత గీసినది. కొందరి వద్ద డబ్బు తీసుకొని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రిలో మాత్రం ఉచితంగా చేయించుకొన్నవారికీ హక్కు వున్నదని ఆ తీర్పులోనే అన్నారు. చట్టం వర్తించకపోయినంత మాత్రాన నోరు మూసుకోనవసరం లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కంటి పరీక్ష చేసే వుద్యోగి ఎప్పుడు వస్తారో కనుక్కొని మరల చూపించుకోండి. పని కాకపోతే కలెక్టరు కచేరీలో అర్జీలు తీసుకొనే రోజున అర్జీ పెట్టండి. కుదరని ఉచిత అద్దం పెట్టుకొని మందు కలిపినా జరిగే నష్టం ఒక్కటే.

సంతలోను, రోడ్డు పక్కన వంద, రెండువందలకు దొరికే చదువు అద్దాలలో రెండు కళ్ళకూ ఒకే పవరు వుంటుంది, సిలిండరు వుండదు. రెండు కళ్ళూ సమానంగా వున్నవారికి కాస్త పని జరుపుతాయి గాని, పరీక్షకు బదులు కావు. ఫోనులో ఆర్డరు పెట్టి తెప్పించుకొనేవారు చీటీతోబాటు కనుపాపల దూరమూ సరిగా పంపాలి. లోపం గల సరుకును వాపసు తీసుకోననడానికి ఆన్‌లైను అమ్మకందారుకూ వీలులేదని 2020 నాటి నియమాలు చెబుతున్నవి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోగా పరిష్కరించాలి.

మా మామయ్య వ్యవహారం కమిషన్ దాకా పోలేదు. ఆసుపత్రి కాగితం, వుత్తరం చూసిన దుకాణం యజమాని తన పనివానిని పిలిచి లెక్క చూసుకొన్నాడు. “మా దగ్గరే పొరపాటు జరిగిందండీ, పెద్దాయనా” అని వారం రోజులలో కుడి అద్దం ఉచితంగా మార్చి యిచ్చినాడు. గట్లమీద నడవడానికి దూరపు చూపు అద్దం ఒకటి విడిగా చేయించుకొన్నాము. దానికి డబ్బు మేమే యిచ్చినాము. అది యివ్వవలసిన డబ్బే. ఇప్పుడు మామయ్య పొలానికి ఒక జోడు, డబ్బా మీది అక్షరాలకు ఒక జోడు వాడుతున్నాడు. అయినా మందు కలిపేముందు కోడలిచేత మరోసారి చదివించుకొంటాడు. ఆ అలవాటు మాత్రం మాన్పించకూడదని నేనూ వూరుకొన్నాను.

గ్రామాలలో పనిచేసే వ్యవసాయ సిబ్బందికి ఒక్క మనవి. పురుగుమందులను గురించి సభ పెట్టినప్పుడు, డబ్బా మీది ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రిభుజాల అర్థం మీరు చెబుతారు. దానితోబాటు ఒక డబ్బా రైతు చేతికిచ్చి, మోతాదు చదవమనండి. చదవలేనివారు ఎందరో మీకే తెలుస్తుంది. వారి పేర్లు రాసుకొని ఆరోగ్య కేంద్రానికి పంపండి. అద్దాలు వున్నా చదవలేనివారిని చీటీ, బిల్లు తెమ్మనండి. మందు సలహా యివ్వడంలో యిదీ భాగమే.

ఇంతకూ గుర్తుంచుకోవలసినవి యివి. మీ పని ఏమిటో పరీక్షకు ముందే చెప్పండి. చీటీలో కనుపాపల దూరం రాయించుకోండి. బిల్లు లేకుండా డబ్బు యివ్వకండి. కొత్త అద్దాలు కుదిరేదాకా పాతవి పారేయకండి, ఆ లోపల మందు కలిపే పని మరొకరిచేత చదివించి చేయండి. రెండు వారాలు చూసి, కుదరకపోతే లెన్సోమీటరుపై చూపించి, 30 రోజులు దాటకుండా అడగండి. కయ్యానికి పోనక్కరలేదు. కాగితం చేతిలో పెట్టుకొని అడిగితే చాలా చోట్ల పని జరుగుతుంది.